ఒకేలా కనిపించే మ్యాగ్నమ్ తూటాలు: ఢిల్లీ లైసెన్స్‌దారు ఏది ఎంచుకోవాలి?

7 ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్, .300 విన్చెస్టర్ మ్యాగ్నమ్... రెండూ దాదాపు ఒకే పరిమాణం, ఒకే తరహా శక్తి. రైఫిల్ కొనాలనుకునేవారు ఎక్కువగా తికమకపడేది ఇలాంటి జంటల దగ్గరే. 2019 ఆయుధాల సవరణ చట్టం ప్రకారం సాధారణ లైసెన్స్‌దారు వద్ద రెండు తుపాకులకు మించి ఉండకూడదు (గుర్తింపు పొందిన క్రీడాకారులకు విడిగా సడలింపు ఉంది). అంటే తప్పు బోర్ ఎంచుకుంటే ఉన్న అవకాశంలో సగం పోయినట్టే.

మ్యాగ్నమ్ అంటే ఏమిటి?

అదే వ్యాసం ఉన్న బుల్లెట్ వెనుక పెద్ద కేస్, అందులో ఎక్కువ మందు, దానివల్ల ఎక్కువ వేగం. స్థూలంగా ఇంతే. లండన్‌కు చెందిన హాలండ్ అండ్ హాలండ్ సంస్థ 1912లో తెచ్చిన .375 మ్యాగ్నమ్ కేస్ అడుగున ఒక పట్టీ ఉంటుంది. తర్వాత వచ్చిన అనేక మ్యాగ్నమ్‌లకు అదే మూలం. పై రెండు తూటాలకూ ఆ పట్టీ ఉంది.

అంకెల్లో తేడా

• .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ (1906): ఇది మ్యాగ్నమ్ కాదు, పోలిక కోసం. 180 గ్రెయిన్ల (11.7 గ్రాములు) బుల్లెట్ వేగం సెకనుకు సుమారు 820 మీటర్లు.
• 7 ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్ (1962): 160 గ్రెయిన్ల (10.4 గ్రాములు) బుల్లెట్, సుమారు 890 మీటర్లు.
• .300 విన్చెస్టర్ మ్యాగ్నమ్ (1963): 180 గ్రెయిన్ల బుల్లెట్, సుమారు 900 మీటర్లు.

బ్యారెల్ పొడవు, తయారీ కంపెనీని బట్టి ఇవి కొంత మారతాయి. .30-06తో పోలిస్తే .300 మ్యాగ్నమ్ శక్తి దాదాపు 20 శాతం ఎక్కువ. దానికి తగ్గట్టే భుజం మీద తన్ను పెరుగుతుంది, బ్యారెల్ త్వరగా అరుగుతుంది. 7 ఎంఎం బుల్లెట్ సన్నగా, పొడవుగా ఉండటం వల్ల దూరం వెళ్లినా వేగాన్ని బాగా నిలుపుకుంటుంది, తన్ను కూడా .300 కంటే తక్కువ. బరువైన బుల్లెట్ కావాలంటే .300 మేలు. 300 మీటర్ల లోపు మాత్రం గురి చూసేవారికి ఈ రెండింటి మధ్య తేడా పెద్దగా తెలియదు.

వేటకు పనికొస్తుందా?

విదేశీ పుస్తకాల్లో ఈ తూటాల చర్చ అంతా వేట చుట్టూనే తిరుగుతుంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. మనుషులకు, పంటలకు ముప్పుగా మారిన జంతువుల విషయంలో సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతించవచ్చు. సెక్షన్ 62 కింద కొన్ని జంతువులను నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత కాలానికి హానికర జంతువులుగా కేంద్రం ప్రకటించవచ్చు. 2016 జూన్‌లో బిహార్‌లోని మొకామాలో హైదరాబాద్ నుంచి వెళ్లిన షూటర్లు రెండొందలకు పైగా మనుబోతులను కాల్చింది ఇలాంటి ప్రకటన ఆధారంగానే. చేతిలో లైసెన్స్ ఉన్నంత మాత్రాన వేటాడే హక్కు రాదు. కాబట్టి వేట కోసమని మ్యాగ్నమ్ కొనడంలో అర్థం లేదు.

గురి పోటీలకు?

1982 ఆసియా క్రీడల కోసం నిర్మించిన తుగ్లకాబాద్‌లోని డాక్టర్ కర్ణి సింగ్ రేంజ్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీలకు వాడేది .22 లాంగ్ రైఫిల్ మాత్రమే. 300 మీటర్ల అంతర్జాతీయ పోటీల్లో 8 ఎంఎం వరకు అనుమతి ఉన్నా, అగ్రశ్రేణి షూటర్లు తన్ను తక్కువని 6 ఎంఎం తరహా తూటాల వైపు మొగ్గుతారు. 2010 కామన్వెల్త్ క్రీడల్లో ఫుల్‌బోర్ పోటీలు గురుగ్రామ్ దగ్గర కాదర్‌పూర్ సీఆర్‌పీఎఫ్ ప్రాంగణంలో జరిగాయి. వెయ్యి గజాల వరకు సాగే ఆ తరహా పోటీల్లోనూ మ్యాగ్నమ్‌లకు చోటు లేదు.

పేరు కలిస్తే సరిపోదు

.300 విన్చెస్టర్ మ్యాగ్నమ్, .300 విన్చెస్టర్ షార్ట్ మ్యాగ్నమ్, .300 హాలండ్ అండ్ హాలండ్ వేర్వేరు తూటాలు. ఒకదాని బదులు మరొకటి వాడితే రైఫిల్ పేలిపోయే ప్రమాదం ఉంది. బ్యారెల్ మీది ముద్ర, తూటా అడుగున ఉన్న ముద్ర అక్షరం అక్షరం కలవాలి. ఈ తరగతి బుల్లెట్ 4 కిలోమీటర్లకు పైగా వెళ్లగలదు. ఎన్‌సీఆర్ లాంటి జనసాంద్రత ఉన్న చోట రేంజ్ బయట పేల్చడానికి సురక్షితమైన దిక్కే లేదు. పెళ్లిళ్లలో ప్రాణాలకు ముప్పు కలిగేలా గాలిలోకి కాలిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కొనే ముందు వరుసగా తేల్చుకోవాల్సినవి

ఏ పోటీలో దిగుతారు? ఆ పోటీ నిబంధనలు ఏ బోర్‌ను ఒప్పుకుంటాయి? మీ రేంజ్ ఆ తూటాను అనుమతిస్తుందా? లైసెన్స్‌లో రాసిన బోర్, తూటాల పరిమితి ఎంత? ఏడాది పొడవునా తూటాలు దొరుకుతాయా? 9 ఎంఎం, .303 లాంటి నిషిద్ధ బోర్లు సాధారణ లైసెన్స్‌పై రావు. సెంటర్‌ఫైర్ రైఫిలే కావాలనుకునేవారికి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు తయారుచేసే .315, .30-06 దేశీయంగా దొరుకుతాయి. పోటీల్లోకి అడుగుపెట్టేవారికి .22 చాలు. వీటన్నిటికీ సమాధానం దొరికాక కూడా మ్యాగ్నమే అవసరమనిపిస్తే తన్ను తక్కువగా ఉండే 7 ఎంఎం వైపు మొగ్గడం మేలు. బరువైన బుల్లెట్‌తో పని ఉన్నవారికే .300.