తెల్ల పెయింటు, ఎండ, హైడ్రోజన్

నాచారం నుంచి తార్నాక వెళ్ళేటప్పుడు ఐఐసీటీ గోడ చూసే ఉంటారు. 1944లో నిజాం జమానాలో పెట్టిన ప్రయోగశాల అది. 1956లో సీఎస్ఐఆర్ చేతికొచ్చింది.

నీళ్ళని కరెంటుతో విడగొట్టడం లండన్లో 1800లోనే అయిపోయింది. వెలుగుతో విడగొట్టొచ్చని 1972లో ఫుజిషిమా, హోండా చూపించారు. వాళ్ళ ఉత్ప్రేరకం టైటానియం డయాక్సైడ్. తెల్ల పెయింటులో ఉండేది అదేనండీ! చవక, నీళ్ళలో కరగదు. చిక్కల్లా, అది అతినీలలోహిత కిరణాలనే పీల్చుకుంటుంది. ఎండలో అవి నూటికి ఐదు పాళ్ళు. మన మే నెల ఎండ కూడా దానికి మబ్బు కిందే లెక్క :)

ఐఐసీటీ వాళ్ళు దానికి కాస్త కోబాల్ట్ చేర్చి, ఎండలోనే హైడ్రోజన్ తీసి 2013లో ప్రచురించారు. నాకు గొప్పగానే అనిపించింది. కాకపోతే అవి వట్టి నీళ్ళు కావు, గ్లిజరిన్ కలిపినవి. అది లేకపోతే, విడిపోయినవి మళ్ళీ ఇట్టే కలిసిపోతాయి.