గిటారుకూ అంచుంది

మాది బొగ్గుబావుల శ్రీరాంపూర్. షిఫ్టుల లెక్కన వంటా, షిఫ్టుల లెక్కన నిద్రా. అలాంటి ఊళ్లో కూర్చుని గిటారు గురించి రాస్తున్నానంటే అది మా అమ్మాయి చలవే. గుమ్మానికి కొట్టుకుని దాని గిటారు అంచున ఉన్న తెల్లపట్టీ జానెడు మేర ఊడి వేలాడింది. అదీ ఎక్కడ? మెడ పక్కన, ఎవరో కొరికేసినట్టు పెట్టె లోపలికి వంపు తిరిగిన చోట. పైమెట్లకు వేళ్లు అందాలని ఆ వంపు పెడతారట.

"సోకు కోసం పెట్టిందేగా, పీకి పారేయ్" అన్నారు మావారు.

సోకు ఒక్కటే కాదండీ. గిటారు పైచెక్క సాధారణంగా స్ప్రూస్. మెత్తటి కలప. అంచున దాని నార తెగి, కోసిన ముఖం బయటికి కనిపిస్తూ ఉంటుంది. చెమ్మ పీల్చేదీ, దెబ్బ తగిలితే చిట్లేదీ అక్కడే. చీరకు ఫాల్ ఎందుకు కుడతామో, దానికి ఈ పట్టీ అందుకే.

మా వడ్లాయన పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిట్ల ఊకె అతికిస్తే నిలవదమ్మా. గాడి మల్ల తియ్యాలె" అన్నాడు. ముందు అంచుకు సమదూరంలో కత్తిమొనతో గీత కోశాడు. స్పెయిన్‌లో గిటార్లు చేసేవాళ్లు ఇదే పనికి గ్రమిల్ అనే పనిముట్టు వాడతారు. ముందే కోసి పెట్టకపోతే ఉలి వేసినప్పుడు నార చీలి లోపలిదాకా లేచిపోతుంది. తర్వాత వెంట్రుకంత మందాన తొలుస్తూ పోయాడు. బయటి వంపు సాఫీగానే అయింది. లోపలి వంపు దగ్గర నార ఎదురుతిరిగింది. అక్కడ అటువైపు నుంచి కొంత, ఇటువైపు నుంచి కొంత. రెండు అంగుళాలకు గంట పట్టింది.

జాకెట్టు మెడకు పైపింగ్ వేసినవాళ్లకు ఈ బాధ తెలుసు. మనకు గుడ్డను ఏటవాలుగా కత్తిరించుకునే వీలుంది, చెక్కకు ఆ వీలేదీ? తడిపి, వేడి గొట్టానికి అదిమి వంచాల్సిందే.

ఆ తెల్లపట్టీ కథ వేరే. అమెరికాలో 1833లో మొదలైన మార్టిన్ సంస్థ ఖరీదైన గిటార్లకు 1918 ప్రాంతం దాకా ఏనుగు దంతమే వేసేది. తర్వాత సెల్యులాయిడ్ వచ్చింది. దాని పుట్టుకకూ దంతమే కారణం. బిలియర్డు బంతులకు దంతం చాలక, బదులు పదార్థం కనిపెట్టినవారికి 10,000 డాలర్లు ఇస్తామని 1860లలో న్యూయార్కు వ్యాపారులు ప్రకటించారు. ఆ ధ్యాసలో పడ్డ జాన్ వెస్లీ హయ్యట్ 1870లో పేటెంటు తీసుకున్నాడు. ముడిసరుకు ఏమిటంటారు? ఆమ్లంలో నానిన దూదీ, కర్పూరమూ! మన దేవుడి గూట్లోవే. అందుకేనేమో అదీ భగ్గున అంటుకుంటుంది.

ఇదంతా చదివాక అటక మీది అమ్మ వీణ దించాను. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో సర్వసిద్ధివారి చేతుల్లో ఇప్పటికీ ఇలాంటివి తయారవుతాయి. పనసదుంగను తొలిచి కుండా దండీ ఒక్క చెక్కలోనే తీస్తారు. అమ్మ వీణ పలక చుట్టూ ఉన్నది దంతపు పట్టీ. ఒకచోట వేలెడు ముక్క లేదు. అది ఎలాగైనా పూర్తిచేయించాలని అమ్మ పోయినప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. కానీ 1972 వన్యప్రాణి చట్టానికి 1986లో చేసిన సవరణ మన ఏనుగు దంతం వ్యాపారాన్ని ఆపేసింది. 1991లో ఆఫ్రికా దంతానికీ అదే గతి. ఇప్పటి వీణల మీద మెరిసే తెలుపు ప్లాస్టిక్కే.

చిన్నప్పుడు ఆ తెలుపు మీద వేలు రాస్తూ పాఠం విన్నదాన్ని. అది ఏ ఏనుగుదో అని ఒక్కనాడూ తోచలేదు. అమ్మకూ తోచి ఉండదు.

గిటారుకు వడ్లాయన టేకు బద్ద వేశాడు. తెలుపు పక్కన గోధుమరంగు అతుకులా ఉందని మా అమ్మాయి రెండురోజులు మూతి ముడుచుకుంది. పనిముట్లు సర్దుకుంటూ ఆయన వీణకేసి చూసి, "మరి దీనికేం పెట్టాలమ్మా?" అన్నాడు.

"అదే టేకు పెట్టండి" అన్నాను.

ఆయన ఖాళీలో గోరు పెట్టి తడిమాడు. "దీనికి గాడి తియ్యే పని లేదు. ఎవలు చేసిండ్రో గానీ, ఇంకా సక్కగనే ఉన్నది" అన్నాడు.