'మార్బుల్స్' అనే పేరు – అమరావతి శిల్పం: ప్రభావ చర్చకు పునఃపరిశీలన

కృష్ణానది విజయవాడ దాటి డెల్టాగా విస్తరించడానికి కొంత ఎగువన, దక్షిణపు గట్టున అమరావతి మహాస్తూపం వెలసింది. 1845లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి వాల్టర్ ఇలియట్ ఇక్కడ తవ్వించి మద్రాసుకు పంపిన శిల్పఫలకాలు 'ఇలియట్ మార్బుల్స్'గా ప్రసిద్ధి పొందాయి. నిజానికి అవి పాలరాతివి కావు, పలనాటి సున్నపురాతివి. రాతికి లేని పేరు శిల్పానికి ఎలా వచ్చిందన్నది ఆలోచించదగిన విషయం.

ఏథెన్సులోని పార్థెనాన్ ఆలయం నుంచి లార్డ్ ఎల్గిన్ తరలించిన పాలరాతి శిల్పాలను బ్రిటిష్ పార్లమెంటు 1816లో కొనుగోలు చేసింది. 'ఎల్గిన్ మార్బుల్స్' అనే పేరు అప్పటికే ప్రచారంలో ఉంది. అదే సంవత్సరం కాలిన్ మెకంజీ మరోసారి అమరావతికి వచ్చి శిల్పాలకు చిత్రాలు గీయించే పని చేపట్టాడు. 'ఇలియట్ మార్బుల్స్' అనే పేరు ఎల్గిన్ నమూనాలోనే రూపుదిద్దుకుందని భావించడం సమంజసం. ఆ పేరు అమరావతి శిల్పానికి గౌరవం తెచ్చింది. దానితోపాటు ఆ శిల్పాన్ని కొలిచే కొలబద్దను కూడా యూరప్ నుంచే తెచ్చింది.

1859లో లండన్ చేరిన ఫలకాలు కొంతకాలం ఎవరికీ పట్టకుండా ఉండిపోయాయి. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ వాటిని గుర్తించి, మరుసటి ఏడు తన వృక్ష-సర్పారాధన గ్రంథంలో విస్తారంగా చర్చించాడు. అమరావతి శిల్పంలో ఆయనకు గ్రీకు-బాక్ట్రియా ఛాయలు కనిపించాయి. 1880లో శిల్పాలు బ్రిటిష్ మ్యూజియానికి మారాయి. అనంతర కాలంలో బుద్ధప్రతిమకు గ్రీకు మూలం ఉందని ఫూషే వాదించగా, 1927లో ఆనంద కుమారస్వామి దాని దేశీయ మూలాలను నిరూపించే ప్రయత్నం చేశాడు. ఒకరు ఋణాన్ని చూపగా, మరొకరు స్వతంత్రతను చూపారు. ఉభయులకూ మూలం ఎవరిదన్నదే ప్రధాన ప్రశ్న అయింది.

రోమన్ ప్రపంచంతో కృష్ణాతీరానికి సంబంధం ఉందనడంలో సందేహం లేదు. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికగ్రంథం 'పెరిప్లస్' మసాలియా ప్రాంతపు సన్నని నూలుబట్టలను పేర్కొంది. 2వ శతాబ్దంలో టాలెమీ చెప్పిన 'కంటకోస్సీల' రేవు, నాగార్జునకొండ శాసనంలోని 'కంటకసేల' ఒకటేనని, అదే నేటి ఘంటసాల అని చరిత్రకారులు గుర్తించారు. నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు లభించాయి. అక్కడి ఒక స్తంభంపై కొమ్ముపాత్ర పట్టిన గడ్డపు పురుషుణ్ని గ్రీకు మద్యదేవత డయొనైసస్‌తో పోల్చడం కూడా ఉంది. అయితే సరుకులు వచ్చాయి గనుక శిల్పభావనలూ అక్కడి నుంచే వచ్చాయనడం తొందరపాటు అవుతుంది.

అమరావతి వేదిక ఉష్ణీషంపై కనిపించే మాలావాహకులు ఇందుకు మంచి ఉదాహరణ. అలలవలె సాగే పెద్ద పూదండను యువకులు భుజాలపై మోస్తూ ఉంటారు. రోమన్ శవపేటికలపైనా, గాంధార శిల్పంలోనూ మాలలు మోసే బాలమూర్తులు ఉన్నారు. ఈ పోలిక యాదృచ్ఛికం కాకపోవచ్చు. కాని అలవలె సాగే నిరంతర రేఖ అంతకుముందే భర్హుత్ వేదికపై పద్మలతగా ఉంది. కాబట్టి పాత దేశీయ రేఖపైకి కొత్త మూర్తులు వచ్చి చేరాయని ఊహించవచ్చు. దాని వినియోగం సైతం వేరు. రోమన్ శవపేటికపై తోరణం ఒక వ్యక్తి మరణానికి అలంకరణ. ఇక్కడి మాల స్తూపం చుట్టూ తిరుగుతూ, ప్రదక్షిణం చేసే భక్తుని నడకకు తోడుగా సాగే పూజ. రూపం ఎక్కడి నుంచి వచ్చిందనే విచారణ ఈ మార్పును వివరించలేదు.

ఆధునిక తెలుగు సాహిత్యంలో అమరావతి పునర్జన్మ కూడా ఇటువంటిదే. అడివి బాపిరాజు రాజమండ్రిలో ఆంగ్లేయుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే శిష్యుడు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార చటర్జీ వద్ద చిత్రకళ అభ్యసించాడు. 'హిమబిందు' నవలలో ఆయన శాతవాహనయుగాన్ని కథావస్తువుగా తీసుకొని, సువర్ణశ్రీ అనే శిల్పిని నాయకుణ్ని చేశాడు. నవల అనే ప్రక్రియ పాశ్చాత్యం, గురువులలో ఒకరు పాశ్చాత్యుడు. అయినా అనామకంగా మిగిలిన కృష్ణాతీర శిల్పికి పేరును, మనసును ఇచ్చిన పని బాపిరాజుదే. ఫలకాలను మ్యూజియం వస్తువులుగా వర్గీకరించిన దృష్టికి ఇది భిన్నమైన సమాధానం.

తెలుగు విమర్శలో భావకవిత్వం మొదలు నేటి వరకు 'పాశ్చాత్య ప్రభావం' అనే మాట తరచు తీర్పుగా వినిపిస్తుంది. షెల్లీ పేరో, వర్డ్స్‌వర్త్ పేరో చెప్పగానే పరిశీలన ముగిసినట్లవుతుంది. అమరావతి ఉదాహరణ మూడు విషయాలను విడివిడిగా చూడమంటుంది: సంపర్కం ఉందా, స్వీకారం జరిగిందా, స్వీకరించినది ఏ పనికి మారింది? మొదటిది నిరూపితమైనంత మాత్రాన రెండోది సిద్ధించదు. రెండోది సిద్ధించినా మూడోది మిగిలే ఉంటుంది. సున్నపురాతిని సున్నపురాయిగా గుర్తించడంతోనే ఆ మూడో ప్రశ్నకు దారి ఏర్పడుతుంది.