బూజు

చేనులో నిలబడ్డ పైరుకు వచ్చేది తెగులు. బోధన్ వైపు తెగులు సోకిన చెరకు గడను చీలిస్తే లోపల కనబడేది ఎర్రకుళ్లు. కోసి, ఎండబోసి, సంచులకెత్తిన పంటకు పట్టేది మాత్రం బూజు.

ఈ మాటకు చుట్టాలు చాలామందే. కన్నడంలో బూష్టు, మలయాళంలో పూప్పల్, తమిళంలో పూంజనం. తమిళుడు బూజు పట్టినదాన్ని 'పూత్తుప్పోచ్చు' అంటాడు. అంటే పూసిందని! మన బూజులోనూ ఆ పువ్వే దాగుందని నా నమ్మకం. సంస్కృతం నుంచి మన పాఠ్యపుస్తకాలకు వచ్చిన శిలీంధ్రానికీ నిఘంటువుల్లో అరటిపువ్వన్న అర్థం ఉంది. రొట్టె మీద తెల్లగా విచ్చుకునే నూగును చూస్తే ఆ పోలిక ఎందుకు పుట్టిందో తెలుస్తుంది.

తెలుగులో ఈ మాట ఇంకో అడుగు వేసింది. వాసాలకు వేలాడే సాలెగూడూ బూజే అయింది, దాన్ని దులపడానికి బూజుకర్ర వచ్చింది. నిజామాబాదు కోట జైలులో గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన దాశరథి, రాజుకు ప్రాసగా బూజును నిలిపి నిజాము పాలననే దులపమన్నాడు. తెలుగు ప్రాసల్లో ఇంత పని చేసినవి తక్కువ.

అయితే దులిపితే పోయేది సాలెగూడే. మక్కల మీది బూజు దులిపినా, కడిగినా, వండినా అది వదిలిన విషం చాలామటుకు గింజలోనే ఉంటుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన పల్లెల్లో వానకు తడిసి బూజు పట్టిన మక్కలు తిని వందమందికి పైగా కాలేయం చెడి చనిపోయారు. ఆ జబ్బును పరిశోధించినవారిలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులున్నారు.

ఆ విషం పేరు అఫ్లటాక్సిన్. 'ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్' అనే బూజు పేరులోని ముక్కలతో అతికిన మాట. 1729లో ఇటలీ వృక్షశాస్త్రజ్ఞుడు మికేలి ఆస్పర్‌జిల్లస్ ప్రజాతికి చర్చిలో పవిత్రజలం చిలకరించే సాధనం పేరు పెట్టాడు. ఫ్లేవస్ అంటే లాటిన్‌లో పసుపుపచ్చ.

పసుపు పండే నిజామాబాదులో ఈ పేరు వింటే నాకు గుబులే. ఉడకబెట్టిన కొమ్ము కళ్లంలో సరిగా ఆరకముందే సంచికెక్కితే ఈ పచ్చబూజుకు చోటిచ్చినట్టే. మసాలా దినుసుల్లో ఈ విషం కిలోకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం. ఐరోపావారిది 10. జాతీయ పసుపు బోర్డు 2025 నుంచి నిజామాబాదులోనే ఉంది. అది రైతుకు చెప్పే మాటల్లో 'బూజు దులిపితే విషం పోదు' అన్నది మొదట ఉండాలి.