గాలిబ్ లేఖలు: ఒక నగరపు ఒంటరితనము

ఒంటరితనమును లోకము సాధారణముగా వ్యక్తి స్వభావమునకు గాని, వార్ధక్యమునకు గాని చెందిన దుఃఖముగా ఎంచును. కాని ఒక్కొక్కప్పుడు చరిత్ర దానిని ఒక నగరము మొత్తముపై విధించును. నిత్యము మాటాడుకొనుటకు అలవాటుపడిన మనుష్యులు చెదరిపోయినప్పుడు, మిగిలినవానికి సొంత వీధియే పరదేశమగును. 1857 తరువాతి ఢిల్లీలో మీర్జా అసదుల్లా ఖాన్ గాలిబ్ అనుభవించినది అట్టి ఒంటరితనము. దానిని ఆయన ఎదుర్కొనిన తీరు ఉర్దూ గద్యమునకు కొత్త జీవమునిచ్చెను.

గాలిబ్ 1797లో ఆగ్రాలో జన్మించి, యౌవనారంభముననే ఢిల్లీలో స్థిరపడెను. ఆయన గృహజీవితమున శోకమునకు కొదువ లేదు. ఏడుగురు బిడ్డలు పుట్టి పసితనముననే గతించిరి. కుమారునివలె చూచుకొనిన యువకవి ఆరిఫ్ 1852లో మరణించెను. తమ్ముడు మీర్జా యూసుఫ్ చిరకాలముగా మతిస్థిమితము కోల్పోయి యుండెను. అప్పులవారి బాధ సరేసరి. అయినను ఆయనకు మాటకు కరవు లేకుండెను. ముషాయిరాలు, మిత్రుల గోష్ఠులు, ఎర్రకోటలోని దర్బారు, వీనిలో దినములు గడచిపోయెడివి. 1854లో జౌక్ మరణింపగా ఆయన చక్రవర్తి బహదూర్ షా జఫర్‌కు కవితాగురువయ్యెను. ఇంటిలోని లోటును నగరము పూరించినదనవచ్చును.

1857 మే 11న మీరట్ సిపాయిలు ఢిల్లీ ప్రవేశించిరి. సెప్టెంబరు 14న బ్రిటిష్ సైన్యము దాడి సాగించి, 20వ తేదీ నాటికి నగరమును పూర్తిగా వశపరచుకొనెను. ప్రజలు వేలకొలదిగా కోటగోడల వెలుపలికి వెడలగొట్టబడిరి. హిందువులకు కొన్ని నెలలకు తిరిగివచ్చుటకు అనుమతి లభించెను. ముస్లిములు అంతకంటె ఎక్కువ కాలము వేచియుండవలసి వచ్చెను. బల్లీమారాన్‌లో గాలిబ్ నివసించిన సందులోనే పటియాలా మహారాజు కొలువునందలి హకీముల ఇండ్లుండెను. అందుచే మహారాజు సైనికులు ఆ సందుకు కావలి కాచిరి. ప్రాణము దక్కినది, కాని వాకిలి వెలుపల పలుకరించువారు లేరు. అక్టోబరులో తమ్ముడు మరణించెను. అంత్యక్రియకు జనము దొరకని ఆ దినములలో ఇద్దరు ముగ్గురు కలిసి, సమీపమునందలి మసీదు ఆవరణములో అతనిని ఖననము చేసిరి.

మిత్రమండలి ఛిన్నాభిన్నమయ్యెను. పండితుడైన ఇమాం బఖ్ష్ సహబాయీ కాల్చి చంపబడెను. మౌలానా ఫజలె హక్ ఖైరాబాదీ అండమాను ద్వీపములకు పంపబడి, 1861లో అక్కడనే కన్నుమూసెను. నవాబు షేఫ్తా చెరసాల పాలయ్యెను. చక్రవర్తి 1858లో రంగూనుకు తరలింపబడెను. ఆ కల్లోలములో హతులైన ఆంగ్లేయులలోను గాలిబ్‌కు మిత్రులు, శిష్యులు ఉండిరి. వారి కొరకును ఆయన విలపించెను. ఇరుపక్షములవారి కొరకు దుఃఖించువాడు తన దుఃఖమును ఏ పక్షము ఎదుటను పూర్తిగా చెప్పుకొనలేడు. ఆయన ఒంటరితనమునందలి లోతు ఇదియే.

అట్టి సమయమున ఆయనకు ఆసరా అయినది తపాలా. అంతకు పూర్వము దూరమును బట్టి రుసుము పెరుగుచుండెడిది. 1854 నాటి చట్టముతో పావుతులము ఉత్తరము అర్ధణాకే దేశములో ఎంత దూరమైనను చేరజొచ్చెను. గాలిబ్ కూడ అప్పటికి కొన్నేండ్లుగా ఉత్తరములలో పారసీకమును తగ్గించి ఉర్దూను చేపట్టియుండెను. పారసీక లేఖారచన శ్రమతో కూడిన అలంకారవిద్య; ఉర్దూ ఆయన నోటిమాట. ఆపద వచ్చునప్పటికి చౌకతపాలాయు, మాటాడు భాషయు రెండును సిద్ధముగా నుండెను. నగరమును ఖాళీ చేయించిన ప్రభుత్వపు తపాలాయే చెదరిన మిత్రులను తిరిగి కలుపుట చరిత్రలోని ఒక వింత.

పూర్వపు లేఖలలో సంబోధనయే ఒక పద్యమంత పొడవుండెడిది. గాలిబ్ దానిని విడిచి, ఎదుట కూర్చున్నవానిని పలుకరించినట్లు ప్రారంభించెను. మీర్ మెహదీ మజ్రూహ్‌కు వ్రాసిన ఒక లేఖ మీరన్ సాహెబ్ అను మిత్రునితో సంవాదముగా మొదలగును. మజ్రూహ్‌కు జాబు వ్రాయవచ్చునా అని గాలిబ్ అనుమతి కోరును, మీకెందుకు శ్రమ అని మీరన్ సాహెబ్ వారించును, వాదము సాగును. చదువరికి కాగితము మరుగుపడి గదిలోని గొంతులు వినవచ్చును. లేఖను సంభాషణగా మార్చితినని ఆయనయే హాతిం అలీ మెహర్‌కు తెలిపెను. ఎవరి ఉత్తరము వచ్చినను ఆ మనిషియే వచ్చినట్లు భావించుచున్నానని హరగోపాల్ తఫ్తాకు వ్రాసెను.

ఆ ఉత్తరములలో మొరలు మాత్రమే లేవు. ఉప్పుబారిన బావులు, కారెడి ఇంటికప్పు, 1860 వరకు నిలిచిపోయిన పింఛను, మామిడిపండ్లు, వీని నడుమ శిష్యుల పద్యములకు దిద్దుబాట్లుండును. సికింద్రాబాదు తఫ్తా హిందువు; మజ్రూహ్ పానిపట్టులో తలదాచుకొనెను; అలాయీ లోహారూ నవాబు వంశీయుడు; హబీబుల్లా జకా దక్షిణమున హైదరాబాదువాడు. వారందరును గురువు దిద్దుబాటుకై ఎదురుచూచెడివారు. తన మాట వినువారు లభించుట ఎంత ఊరటయో, తన అవసరము గలవారుండుట అంతకంటె పెద్ద ఊరట. గాలిబ్‌ను నిలిపినది ఈ రెండవదియే కావచ్చును.

1858లో శిష్యులు ఈ లేఖలను అచ్చువేయింప దలచగా ఆయన అంగీకరింపలేదు. అవి ఆలోచించి తీర్చినవి కావనెను. తరువాత మనసు మార్చుకొనెను. మొదటి సంపుటము ‘ఊదె హిందీ’ 1868లో వెలువడెను. రెండవది ‘ఉర్దూయె ముఅల్లా’ 1869లో, ఆయన మరణించిన కొలది వారములకు వచ్చెను.

వార్ధక్యమున ఆయనకు చెవుడు వచ్చెను. ఇంటికి వచ్చినవారు చెప్పదలచినది కాగితముపై వ్రాసి చూపుచుండిరి; ఆయన నోటితో బదులు చెప్పెడివాడు. ఉత్తరమును సంభాషణగా మార్చినవానికి తుదకు సంభాషణయే ఉత్తరమైనది. ఆయన 1869 ఫిబ్రవరి 15న మరణించెను. అంతకు ముందురోజు, పక్కపై నుండియే అలాయీ ఉత్తరమునకు జవాబు చెప్పి వ్రాయించుచుండెనని శిష్యుడైన హాలీ 1897 నాటి జీవితచరిత్రలో తెలిపెను.