మట్టి చదువు

తెలివి చాలని పిల్లవానిని 'మట్టిబుఱ్ఱ' యనుట మన యిండ్లలో వాడుక. అన్నము పెట్టునది మట్టి. అవమానమునకు ఉపమానమును మట్టియే! చదువుకొన్న కుటుంబములవారు ఈ విషయమును ఒకింత యోచింపవలసియున్నది.

మన పూర్వులు మట్టి నిట్లు చులకన చేయలేదు. అమరకోశములో సర్వసస్యములు పండు భూమికి 'ఉర్వర' యనియు, ఉప్పుమన్నునకు 'ఊషము' అనియు, ఏటినీట పండు దేశమునకు 'నదీమాతృకము' అనియు, వాననీట పండుదానికి 'దేవమాతృకము' అనియు వేర్వేరు పేరులు గలవు. సంస్కృత మెఱుగని మన రైతును రేగడి, చెలక, ఒండ్రు, చౌడు అని నేలల నేర్పరచుకొనెను. చెఱువుమన్ను తోలుట, గొఱ్ఱెల మంద కట్టించుట, జీలుగ, జనుము చల్లి దమ్ములో త్రొక్కించుట అతని శాస్త్రము. కాని శ్లోకము చదివినవాడు నాగలి పట్టలేదు. నాగలి పట్టినవానికి అక్షరము చెప్పలేదు. ఈ రెంటి నడుమ గోడ కట్టినవారము మనమే. అందుచేత కారణము నడిగి, తూచి, వ్రాసిపెట్టు వారు లేకపోయిరి.

పాశ్చాత్యదేశములలో ఆ పని ముందుగా జరిగెను. 1840లో జర్మనీ రసాయనశాస్త్రజ్ఞుడు లీబిగ్ సస్యములకు ఖనిజములు ఆహారమగు విధమును గ్రంథమున వివరించెను. 1843లో ఇంగ్లండునందు రోథమ్‌స్టెడ్‌లో మొదలైన ఎరువుల పరీక్షలు నేటికిని నడచుచున్నవి. 1883లో రష్యాదేశీయుడు దొకుచాయెవ్ నల్లనేలలను గూర్చి వ్రాసిన గ్రంథము, నేల వట్టి రాతిపొడి కాదనియు, శీతోష్ణములు, జీవులు, కాలము కలిసి పుట్టించిన పదార్థమనియు చాటెను.

మన మద్రాసు రాజధానిలో సైదాపేటయందు 1868లో వెలసిన వ్యవసాయపాఠశాల 1906లో కోయంబత్తూరునకు తరలెను. ఈ నడుమ 1889లో వచ్చిన వోల్కర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు దేశమంతయు తిరిగి 1893లో నివేదిక ప్రకటించెను. అందు మన రైతుల నైపుణ్యమును మెచ్చుకొనెను. వంటచెఱకు కఱవై పేడను పిడకలుగా కాల్చుటచే పొలమునకు కలుగు నష్టమును గూడ చూపెను.

ఇక మన యనకాపల్లి. ఇచ్చట 1913లో చెఱకు పరిశోధనక్షేత్రము నెలకొనెను. ఈ యూరి పేరు దేశమున వినబడుట బెల్లమువలన. ఆ బెల్లము నేలకు అద్దము. చౌడునేల చెఱకురసమున లవణములు హెచ్చును. దాని బెల్లము ఉప్పగిల్లి, గాలిలోని తేమ పీల్చి కారిపోవును. తోట ముదురువేళ నత్రజనిపుటెరువు మితిమీరినచో రసము చెడి, పాకము సరిగా గట్టిపడక, దిమ్మ నల్లబడును. అంగడిలో వర్తకుడు రంగును, గట్టిదనమును చూచి వెల కట్టును. పొలమున జరిగిన పొరపాటునకు పరీక్షాఫలిత మక్కడ తెలియును! నరికిన తోటలో ఎండుటాకు తగులబెట్టుట మఱియొక పొరపాటు. దానినే కార్శితోట సాళ్ళ నడుమ పఱచినచో తేమ నిలుచును; క్రుళ్ళి సారమగును. వోల్కర్ చూచిన పిడకల మంటకు ఈ యాకుమంట చెల్లెలే.

ఈ కారణములను నేర్పుటకు 1945లో బాపట్లయందు వ్యవసాయకళాశాల వెలసెను. 1964లో హైదరాబాదున వ్యవసాయ విశ్వవిద్యాలయ మేర్పడెను. 1996లో దానికి ఆచార్య రంగాగారి పేరు పెట్టిరి. రాష్ట్రవిభజనానంతరము గుంటూరు చేరువనున్న లాం దాని స్థానమైనది. మన యనకాపల్లి క్షేత్రమును ఆ విశ్వవిద్యాలయమునకు చెందినదే. విద్యార్థి గోతిలో దిగి నేలపొరలను చూచును; క్షారగుణమును, సేంద్రియ కర్బనమును కొలుచును. చౌడునేలలో బంకమట్టి రేణువులను సోడియము పట్టుకొనియుండుననియు, జిప్సము చల్లి మంచినీట కడిగినచో కాల్షియము దాని స్థానము నాక్రమించుననియు నేర్చును. 2015 నుండి ప్రభుత్వము రైతులకు భూసారపత్రములు పంచుచున్నది. కాని ఆ యంకెలకు అర్థము చెప్పువారు ఊర నుండవలదా?

మా తప్పొకటి ఇచ్చట ఒప్పుకొనవలెను. చెఱకురైతు కుమారుడు, మా శిష్యుడు, వ్యవసాయవిద్య చదువుదునా యని మమ్మడిగెను. "మీ తండ్రి మట్టిలో పడిన పాట్లు చాలవా?" యంటిమి. ఆ పిల్లవాడు మా మాట విని దూరదేశపు కొలువునకు పోయెను. మొన్న ఆ తండ్రి భూసారపత్రము తెచ్చి, "ఇందేమున్నది, మాస్టారూ?" యని యడిగినాడు. చదివి వినిపించితిమి గాని, ఏ మడిలో ఏమి చల్లవలెనో చెప్పలేకపోతిమి. చెప్పగలవానిని ఊరినుండి పంపినవారము మేమే.

తల్లిదండ్రులారా, కొడుకుగాని కూతురుగాని మట్టి చదువు కోరినప్పుడు మా వలె తొందరపడి అడ్డు చెప్పకుడు. ఆ చదివిన బిడ్డ తిరిగివచ్చి తన యూరి గట్టుపై నిలిచిననాడే ఆ గోడ కూలును.