తుఫాను షెల్టర్లకి పట్టిన తుప్పు

2023 ఆగస్టు చివర్లో బ్రిటన్ ప్రభుత్వం వందకి పైగా స్కూళ్ళలో భవనాలు వాడొద్దని చెప్పింది. కారణం, వాటి కప్పుల్లో వాడిన తేలిక కాంక్రీటు. లోపల గాలి బుడగలుండే ఆ పలకలు పాతబడి, నీరు పీల్చి, బలం కోల్పోయాయి. 2018లో కెంట్‌లో ఒక స్కూలు కప్పు కూలింది. అది సెలవు రోజు కాబట్టి పిల్లలు బతికిపోయారు.

ఇప్పుడు బందరు, గుడివాడల్లో గోడలకి వాడే తెల్లటి తేలిక ఇటుకలు ఆ జాతివే. కానీ గోడకి వాడటం వేరు, కప్పుకి వాడటం వేరు. వాటిని చూసి కంగారుపడక్కర్లేదు. మన దివిసీమలో భయం మామూలు కాంక్రీటు గురించే.

1864 నవంబరు 1 ఉప్పెనలో బందరు ప్రాంతంలో సుమారు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో అధికారిక లెక్కల్లోనే 10 వేలు దాటారు. ఆ రాత్రి చాలా ఊళ్ళల్లో ఎక్కి నిలబడటానికి గట్టి మేడ లేదు. అందుకే తర్వాత ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు తీరం పొడవునా షెల్టర్లు కట్టాయి. 1990 మేలో పెద్ద తుఫాను మళ్ళీ కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ముందే హెచ్చరించి లక్షన్నర మందికి పైగా జనాన్ని తరలించారు. ఆసారి మృతులు వెయ్యిలోపే.

అయితే ఉప్పుగాలి ఊరుకోదు. ఉప్పు కాంక్రీటులోకి దిగి ఇనుప చువ్వని చేరుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది, కాంక్రీటుని లోపల్నుంచే పగలగొడుతుంది. పెచ్చులూడటం అంటే ఇదే. 1978 నాటి ఐఎస్ 456 ప్రకారం మామూలు స్లాబులో చువ్వ మీద 15 మిల్లీమీటర్ల కాంక్రీటుంటే చాలు. 2000 నాటి కోడ్ తీవ్ర వాతావరణానికి 45 అడుగుతోంది. దాన్నిబట్టి పాత కప్పులకి రక్షణ ఎంత పల్చనో ఆలోచించండి.

2011లో మొదలైన జాతీయ ప్రాజెక్టు కింద కొత్త షెల్టర్లు వచ్చాయి, మంచిదే. కానీ పాతది కూల్చకుండా, బాగుచేయకుండా, సున్నం వేసి ఉంచితే? తుఫాను రాత్రి జనం కళ్ళకి అది షెల్టరే, పరిగెత్తుకెళ్ళి ఎక్కుతారు. నా ఉద్దేశంలో షెల్టరు లేకపోవడం కన్నా అది ప్రమాదం.

మీ ఊరి షెల్టరు స్తంభాలు చూడండి. నిలువునా పగుళ్ళు, తుప్పు చారలు, సుత్తితో తడితే డొల్ల శబ్దం, వీటిలో ఏదున్నా పంచాయతీకి రాసివ్వండి, ఇంజనీరు చేత పరీక్ష చేయించమని అడగండి. ఆ అడిగేదేదో నవంబరు రాకముందే అడగండి. ఉంటాను.